పల్లి ప్రమోటర్‌లో వందకు పైగా మోటిఫ్‌లు వచ్చాయి, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న పెట్టిన చెల్లెమ్మది వనపర్తి వైపు, ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చివరి సెమిస్టర్. ప్రశ్న క్లుప్తంగా ఇది: పల్లికి నీళ్ళు ఆపి, ఆరు శాంపిళ్ళలో ఏ జీన్ ఎంత పలుకుతోందో, అంటే ఎంత పనిచేస్తోందో, కొలిచిన ఆర్‌ఎన్‌ఏ-సీక్ డేటాలోంచి గైడ్ పన్నెండు జీన్లు ఏరి ఇచ్చారు, వాటిని ఏ ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు (టీఎఫ్‌లు, జీన్లను ఆన్, ఆఫ్ చేసే ప్రొటీన్లు) నడిపిస్తున్నాయో ఆన్‌లైన్ డేటాబేస్‌లలో వెతికి రాయమన్నారు. ప్రమోటర్లను, అంటే జీన్ ముందుండి దాన్ని నడిపే డీఎన్‌ఏ భాగాలను, ప్లాంట్‌కేర్ అనే సైట్‌లో వేస్తే ఒక్కో జీన్‌కు వందకు పైగా మోటిఫ్‌లు, అంటే టీఎఫ్‌లు కూర్చునే చిన్న అక్షరాల వరుసలు, వచ్చాయి. ఇందులో ఏది నిజం, ఏ డేటాబేస్‌ను నమ్మాలి, డబ్బు కట్టకుండా, సర్వర్ లేకుండా ఈ పని అవుతుందా, మైక్రో ఆర్‌ఎన్‌ఏలను కూడా చూడాలా, ఇదీ సందేహం.

అవుతుంది. మామూలు లాప్‌టాప్, నెట్ ఉంటే చాలు. కానీ ఏ ఒక్క డేటాబేసూ మీ ప్రశ్నకు పూర్తి జవాబు చెప్పదు. ప్రమోటర్‌లో మోటిఫ్ ఉండటం ఒక సాక్ష్యం. ఆ టీఎఫ్ అలాంటి చోట నిజంగా అతుక్కుంటుందని ప్రయోగంలో తేలి ఉండటం రెండోది. ఆ టీఎఫ్, మీ జీన్ ఒకే కణజాలంలో ఒకే వేళకు పనిచేస్తూ కనిపించడం మూడోది. ఈ మూడూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చి ఒకే పేరు మీద కలిస్తే అప్పుడు ఆ టీఎఫ్‌ను అభ్యర్థిగా రాయండి. ఒక్క మోటిఫ్ పట్టుకుని రాస్తే అది గాలిలో రాత. మీకు సమయం తక్కువ ఉంటుంది కాబట్టి ఇంకో పది డేటాబేస్‌లు తిరగడం కంటే ఈ మూడింటినీ కలిపి చూడటం మీద పెట్టండి.

నాది నల్లగొండ. మొక్కల ఆర్‌ఎన్‌ఏ డేటా చూడటమే నా పని, వరి, పల్లి, ఆముదం మీద ప్రాజెక్టులు చేసే పిల్లలకు సాయం చేస్తుంటాను, కొందరి వైవాలలో కూర్చున్నాను కూడా. చాలా థీసిస్‌లలో ఒకే బొమ్మ కనిపిస్తుంది, ప్రమోటర్‌ను గీతలా గీసి దాని మీద రంగురంగుల డబ్బాలు. ఎంతో కష్టపడి గీస్తారు, కింద ఒక్క వాక్యానికీ ఆధారం ఉండదు. మీకు ఆ పరిస్థితి రావద్దనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

ముందు ఆ వంద ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఎద్దడిలో మొక్కలో పెరిగే హార్మోన్ అబ్సిసిక్ ఆమ్లానికి స్పందించే ఏబీఆర్‌ఈ అనే మోటిఫ్ గుండెకాయ నాలుగే అక్షరాలు, ఏసీజీటీ. డీఎన్‌ఏలో నాలుగు అక్షరాలే కాబట్టి ఏదో ఒక నాలుగక్షరాల వరుస ఊరికే, యాదృచ్ఛికంగా, ప్రతి 256 చోట్లకు ఒకసారి వస్తుంది. మీరు తీసుకున్న ప్రమోటర్ 1500 అక్షరాలు. 1500ను 256తో భాగించండి, దాదాపు ఆరు. అంటే ఏ జీన్ తీసుకున్నా, అది కరువుకు సంబంధించినదైనా కాకపోయినా, ఐదారు ఏసీజీటీలు ఉండనే ఉంటాయి. మొక్కల ప్రమోటర్లలో ఏ, టీ అక్షరాలు ఎక్కువ కాబట్టి ఈ లెక్క కాస్త తగ్గి నాలుగైదు అవుతుంది, అంతే తేడా. వర్కీ టీఎఫ్‌లు కూర్చునే డబ్ల్యూ-బాక్స్ గుండెకాయ టీజీఏసీ, ఇది రెండు పోగుల మీదా విడివిడిగా లెక్కకొస్తుంది కాబట్టి తొమ్మిదీ పదీ ఉంటాయి. ఇక సీఏఏటీ పదిహేను దాటినా ఆశ్చర్యం లేదు. మీ వందలో సగానికి పైగా దాదాపు ప్రతి ప్రమోటర్‌లో కనిపించే టాటా-బాక్స్, ఈ సీఏఏటీ ఉండే కాట్-బాక్స్‌లే అయి ఉంటాయి, వాటిని ఇప్పుడే తీసి పక్కన పెట్టండి.

ప్లాంట్‌కేర్‌ను తిట్టడం కాదు ఇది. బెల్జియంలోని ఘెంట్ వాళ్ళది, 2002 నాటి పేపర్ చాలా మందికి దారి చూపించింది. కానీ అది ఇచ్చే జాబితాలో ఈ వరుస కేవలం అవకాశం కొద్దీ దొరికే వీలు ఎంత అనే పీ-వాల్యూ ఉండదు. జపాన్ వాళ్ళ ప్లేస్ అనే మోటిఫ్ డేటాబేస్ అయితే 469 మోటిఫ్‌లతో 2007లో ఆగిపోయింది, తర్వాత కొత్తవి చేర్చలేదు. ఈ రెండింటినీ తొలి చూపుకు వాడొచ్చు, తీర్పుకు వాడొద్దు.

మన దగ్గర చేను పక్కన కరెంటు స్తంభం ఉన్నంత మాత్రాన బోరు పోస్తోందని ఎవరూ అనుకోరు, లైన్‌లో కరెంటు రావాలి, ఎవరో స్టార్టర్ వేయాలి, కింద నీళ్ళుండాలి. మోటిఫ్ ఉన్నంత మాత్రాన జీన్ నడవదు, ఆ చోట క్రోమాటిన్ (డీఎన్‌ఏ, దాన్ని చుట్టి ఉంచే ప్రొటీన్ల మూట) తెరుచుకుని ఉండాలి, ఆ టీఎఫ్ ఆ కణంలో ఉండాలి, ఉన్నా పనిచేసే స్థితిలో ఉండాలి.

జీన్ల ఐడీలు సరిచూడకుండా అడుగు ముందుకు వేయొద్దు. చెప్పడానికి చిన్న విషయం, కానీ ఎక్కువ ప్రాజెక్టులు పాడయ్యేది ఇక్కడే. వరినే తీసుకుంటే, నిప్పాన్‌బారే అనే ఒకే వరి రకం జీనోమ్‌లోని జీన్లకు రెండు రకాల పేర్లున్నాయి. మొదటి క్రోమోజోమ్ మొదట్లో ఉండే ఒకే జీన్‌ను ర్యాప్-డీబీ అనే డేటాబేస్ వాళ్ళు ఓఎస్01జీ0100100 అంటారు, మిషిగన్ స్టేట్ వాళ్ళ జాబితాలో అది ఎల్‌ఓసీ_ఓఎస్01జీ01010. అంకెలు దగ్గరదగ్గరగా ఉన్నాయి కదా అని చేత్తో మార్చేస్తే మొత్తం తప్పు, రెండు జాబితాలూ వేర్వేరుగా తయారయ్యాయి, ఒక దాంట్లో ఉన్న జీన్ ఇంకో దాంట్లో అసలు లేకపోవచ్చు. మార్చుకోవడానికి ర్యాప్-డీబీలోనే ఐడీ కన్వర్టర్ ఉంది. నా దగ్గరికొచ్చిన ఒక అబ్బాయి మిషిగన్ ఐడీలను ర్యాప్ ఐడీలు అడిగే టూల్‌లో వేశాడు, జాబితాలో సగం జీన్లు మాయమయ్యాయి, మిగిలిన సగం మీదే చాప్టర్ మొత్తం రాశాడు. టూల్ ఎర్రర్ చూపించదు, దొరకనివి వదిలేసి దొరికినవాటికి జవాబు ఇస్తుంది. అందుకే ఎన్ని వేశారు, ఎన్ని తిరిగొచ్చాయి అనేది ప్రతి అడుగులోనూ రాసుకోండి.

ఇంకో సంగతి, డేటాబేస్‌లో ఉన్న రకం మీ చేతిలోని రకం కాదు. వరిలో జపోనికా, ఇండికా అని రెండు పెద్ద గుంపులు, నిప్పాన్‌బారే జపోనికా. మా మిర్యాలగూడ మిల్లులకు వచ్చే సాంబమసూరి, అదే బీపీటీ 5204, ఇండికా. ముంపు తట్టుకునే సబ్1ఏ అనే జీన్ గురించి విని ఉంటారు, 2006లో బయటపడింది, అది కూడా ఒక టీఎఫే, ఈఆర్‌ఎఫ్ కుటుంబం. నిప్పాన్‌బారేలో ఆ జీన్ లేదు. సబ్1బీ, సబ్1సీ మాత్రమే ఉన్నాయి. నిప్పాన్‌బారే జీనోమ్‌లో ఎంత వెతికినా దొరకదు, దొరకలేదని వరిలోనే లేదంటే తప్పు. భాస్వరం తక్కువ నేలల్లో పనికొచ్చే పీస్టాల్1 అనే జీన్ సంగతీ ఇంతే. వరి మీద పనిచేసేవాళ్ళు ఇర్రి (అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ) వాళ్ళ స్నిప్-సీక్‌లో, మూడు వేల రకాల డేటా ఉంది, తమ ప్రమోటర్‌లో ఇండికా రకాలకు తేడాలేమైనా ఉన్నాయేమో ఒకసారి చూసుకోవాలి.

మీది పల్లి కాబట్టి చిక్కు ఇంకో రకం. పల్లికి 40 క్రోమోజోములు, అందులో సగం అరాకిస్ డ్యూరానెన్సిస్ అనే అడవి మొక్క లాంటి పూర్వీకుడి నుంచి, సగం అరాకిస్ ఇపాయెన్సిస్ నుంచి వచ్చాయి. వీటినే ఏ, బీ సబ్‌జీనోమ్‌లు అంటాం. అడవి మొక్కలు రెండింటి జీనోమ్‌లు 2016లో, సాగు రకం టిఫ్‌రన్నర్ జీనోమ్ 2019లో వచ్చాయి. అంటే మీ పన్నెండు జీన్లలో ఎక్కువ వాటికి జంట ఉంటుంది, ఒకటి ఏ వైపు, ఒకటి బీ వైపు. ప్రొటీన్ భాగం దాదాపు ఒకేలా ఉంటుంది, ప్రమోటర్లు మాత్రం తేడాగా ఉండొచ్చు. గైడ్ ఇచ్చిన ఐడీ ఏ జీనోమ్‌ది, ఏ వైపుది అని ముందు పీనట్‌బేస్ అనే పల్లి డేటాబేస్‌లో తేల్చుకోండి, అది ఉచితం. జంటలో ఒకటి నీళ్ళు లేనప్పుడు పెరిగి రెండోది పెరగకపోతే మీ అదృష్టం, ఆ రెండు ప్రమోటర్ల మధ్య తేడానే మీకు మంచి ఆధారం, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అంతకంటే మంచి పోలిక బయట దొరకదు.

తర్వాత ప్రమోటర్ తీయడం. ఇక్కడ మీ కళ్ళతో చూసి సరిపోల్చుకునే పని ఒకటుంది. 1500 అక్షరాలతో పాటు జీన్ మొదటి మూడు అక్షరాలు కూడా కలిపి తీయండి. వరుస చివర ఏటీజీ కనిపించాలి. ఏటీజీ బదులు మొదట్లో సీఏటీ కనిపిస్తే ఆ జీన్ మైనస్ పోగు మీద ఉందన్న మాట, మీరు దాన్ని తిప్పి రాసుకోలేదు, అప్పుడు మీరు ప్రమోటర్ అనుకుంటున్నది తలకిందులుగా ఉంది. రెండూ కనిపించకపోతే మీరు తీసింది ట్రాన్స్‌క్రిప్షన్ మొదలయ్యే చోటు నుంచి వెనక్కి, ఏటీజీ నుంచి కాదు, దాంట్లో తప్పు లేదు కానీ ఏది తీశారో రాయాలి, పన్నెండింటికీ ఒకేలా తీయాలి. 1500 అక్షరాల లోపలే పక్క జీన్ వచ్చేస్తే అక్కడికే ఆపండి, లేకపోతే పక్కింటి జీన్ లోపలి భాగాన్ని మీ ప్రమోటర్‌గా చదువుతారు. మధ్యలో వరుసగా ఎన్‌లు ఉంటే ఆ భాగం జీనోమ్‌లో ఇంకా చదవలేదని అర్థం.

ఇప్పుడు మోటిఫ్. దీనికి జాస్పర్ అనే డేటాబేస్ వాడండి. 2004 నుంచి ఉంది, పూర్తిగా ఉచితం, రెండేళ్ళకోసారి కొత్త వెర్షన్ ఇస్తున్నారు, మొక్కలకు వేరే విభాగం ఉంది. ఇందులో మోటిఫ్ అంటే ఒట్టి అక్షరాల వరుస కాదు, ఏ స్థానంలో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో చెప్పే పట్టిక, అది ప్రయోగాల నుంచి వచ్చింది. ఆ పట్టిక దించుకుని, మీమ్ సూట్ అనే ఉచిత టూళ్ళ సైట్‌లోని ఫైమోకు మీ ప్రమోటర్లతో పాటు ఇస్తే పీ-వాల్యూతో సహా చోట్లు చూపిస్తుంది. ఫైమో మామూలు హద్దు పదివేలలో ఒకటి. మీ ప్రమోటర్‌కు రెండు పోగులు కలిపి 3000 చోట్లు, అంటే ఒక్కో మోటిఫ్‌కు యాదృచ్ఛికంగా 0.3 దొరుకుతాయి. తక్కువే అనిపిస్తుంది, కానీ జాస్పర్‌లో మొక్కల మోటిఫ్‌లు వందల్లో ఉన్నాయి, ఓ ఐదు వందలు ఒకేసారి వేశారనుకోండి, ఒక్క ప్రమోటర్‌లో 150 ఊరికే వస్తాయి. మళ్ళీ మొదటికొచ్చారు. అందుకని అన్నీ వేయకండి. నీటి ఎద్దడిలో పనిచేస్తాయని ముందే గట్టిగా తెలిసిన కుటుంబాలు నాలుగైదు తీసుకోండి, ఏరెబ్/ఏబీఎఫ్ అనే బీజిప్‌లు, డ్రెబ్‌లు, ఎన్‌ఏసీలు, మిబ్‌లు, హెచ్‌డీ-జిప్‌లు, ఎందుకు తీసుకున్నారో ముందే రాసి పెట్టుకోండి, తర్వాత వెతకండి.

తైవాన్ వాళ్ళ ప్లాంట్‌పాన్ కూడా బాగుంటుంది, ప్రమోటర్ వేస్తే టీఎఫ్ పేర్లతో చూపిస్తుంది, టీఎఫ్ మొక్క లోపల ఎక్కడ అతుక్కుందో చూపే చిప్-సీక్ డేటా కూడా చేర్చారు. చైనాలో పెకింగ్ యూనివర్సిటీ వాళ్ళ ప్లాంట్‌టీఎఫ్‌డీబీలో 165 జాతుల నుంచి 3,20,370 టీఎఫ్‌లు 58 కుటుంబాలుగా పేర్చి ఉన్నాయి, దాని తోబుట్టువు ప్లాంట్‌రెగ్‌మ్యాప్‌లో జీన్ల జాబితా ఇస్తే ఏ టీఎఫ్ టార్గెట్లు అందులో ఎక్కువగా పోగయ్యాయో లెక్కిస్తుంది. మీ డేటాలో పెరిగిన జీన్లలో టీఎఫ్‌లు ఏవో తెలియకపోతే వాటి ప్రొటీన్ వరుసలు ప్లాంట్‌టీఎఫ్‌డీబీలో వేయండి, కుటుంబం చెబుతుంది. ఈ సైట్లు అప్పుడప్పుడు రోజుల తరబడి తెరుచుకోవు, సబ్‌మిషన్ వారం మొదలుపెడితే టెన్షన్ తప్పదు, ఫలితాలు వచ్చిన రోజే ఫైల్ దించి పెట్టుకోండి.

మీ పద్ధతి పనిచేస్తోందో లేదో తెలియాలంటే జవాబు ముందే తెలిసిన జీన్ మీద నడిపి చూడాలి. అరబిడాప్సిస్‌లో, అంటే ల్యాబ్‌లలో ఎక్కువగా వాడే చిన్న మొక్కలో, ఆర్‌డీ29ఏ అనే జీన్ తీసుకోండి, ఐడీ ఏటీ5జీ52310. దాని ప్రమోటర్‌లో డ్రెబ్‌లు కూర్చునే డీఆర్‌ఈ, ఏబీఆర్‌ఈ రెండూ ఉన్నాయని, రెండూ కలిసి పనిచేస్తాయని ప్రయోగాలతో తేలింది. పక్కనే ఉన్న ఆర్‌డీ29బీలో రెండు ఏబీఆర్‌ఈలు కావాలి, ఒక్కటి సరిపోదు. ఈ సంగతి మీకు నేరుగా పనికొస్తుంది, మీ పల్లి ప్రమోటర్‌లో ఒంటరి ఏసీజీటీ కంటే దగ్గరదగ్గరగా రెండు పూర్తి ఏబీఆర్‌ఈలు, లేదా డీఆర్‌ఈ పక్కన ఏబీఆర్‌ఈ ఉన్న జీన్‌కు ఎక్కువ బరువు ఇవ్వండి. మీ పద్ధతి ఆర్‌డీ29ఏలో డీఆర్‌ఈని పట్టుకోలేకపోతే పల్లిలో అది చెప్పే దేన్నీ నమ్మలేం. ఈ ఆర్‌డీ29ఏకూ పల్లికీ మన దగ్గరే సంబంధం ఉంది, పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో ఇదే ప్రమోటర్ కింద అరబిడాప్సిస్ డ్రెబ్1ఏ జీన్‌ను పెట్టి జేఎల్ 24 పల్లిలోకి ఎక్కించి, నీళ్ళు తక్కువైనప్పుడు మొక్క నీటిని ఎంత పొదుపుగా వాడుకుంటుందో కొలిచారు, 2007లో వచ్చింది ఆ పేపర్. ఎప్పుడూ నడిచే ప్రమోటర్ పెడితే డ్రెబ్1ఏ మొక్కను గిడసబారుస్తుంది, అందుకే ఎద్దడి వచ్చినప్పుడే నడిచే ప్రమోటర్‌ను ఎంచుకున్నారు. చదవండి, మీ థీసిస్ పరిచయంలో బాగా నప్పుతుంది.

రెండో సాక్ష్యం అతుక్కోవడం. ఇక్కడ అరబిడాప్సిస్‌కు ఉన్నంత డేటా పల్లికి లేదు. 2016లో డాప్-సీక్ అనే పద్ధతితో 529 అరబిడాప్సిస్ టీఎఫ్‌లు జీనోమ్‌లో ఎక్కడెక్కడ అతుక్కుంటాయో తీశారు, అది ప్లాంట్ సిస్ట్రోమ్ డేటాబేస్‌లో ఉంది. అదే ఏడాది అబ్సిసిక్ ఆమ్లం దారిలో ఉన్న 21 టీఎఫ్‌లకు చిప్-సీక్ వచ్చింది. రెంటికీ తేడా తెలుసుకుని వాడండి. డాప్-సీక్‌లో డీఎన్‌ఏను మొక్క నుంచి బయటికి తీసి, క్రోమాటిన్ లేకుండా, గొట్టంలో టీఎఫ్‌తో కలుపుతారు, కాబట్టి అది అతుక్కోగలదు అని చెబుతుంది. చిప్-సీక్ మొక్క లోపల, ఆ వేళకు అతుక్కుని ఉంది అని చెబుతుంది. డాప్-సీక్‌లో ఒక మంచి గుణం, మొక్క డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులు అలాగే ఉంటాయి, ఆ పరీక్షలో చూసిన టీఎఫ్‌లలో నాలుగింట మూడొంతులకు ఆ గుర్తుల వల్ల తేడా కనిపించింది. మీరు అక్షరాలు మాత్రమే చూస్తే ఆ సంగతి తెలియనే తెలియదు.

మరి అరబిడాప్సిస్ డేటా పల్లికి పనికొస్తుందా? మోటిఫ్ వస్తుంది, టార్గెట్ల జాబితా రాదు. ఈ ఒక్క ముక్క బాగా పట్టుకోండి. టీఎఫ్‌లో డీఎన్‌ఏను పట్టుకునే భాగం రెండు జాతుల్లో చాలా దగ్గరగా ఉంటే అది ఇష్టపడే అక్షరాల వరుస కూడా దాదాపు అదే, సిస్-బీపీ అనే డేటాబేస్ నిలబడింది ఈ సూత్రం మీదే. కానీ ఆ వరుస ఏ జీన్ ముందు ఉంటుందనేది కాలంతో మారిపోతుంది, ప్రమోటర్ అక్షరాలు ప్రొటీన్ అక్షరాల కంటే తొందరగా మారతాయి. పైగా పప్పుజాతి మొక్కల వంశంలో దాదాపు 6 కోట్ల ఏళ్ళ కింద జీనోమ్ మొత్తం రెట్టింపయింది, అరబిడాప్సిస్ వంశంలో వేరుగా రెట్టింపులు జరిగాయి. కాబట్టి అరబిడాప్సిస్‌లో ఒక టీఎఫ్ ఉన్న చోట పల్లిలో మూడు నాలుగు ఉండొచ్చు, ఏది ఆ పని చేస్తోందో వరుసలను పోల్చే బ్లాస్ట్‌లో మొదటి ఫలితం చూసి తేల్చలేం. వంశవృక్షం గీసి, కుటుంబం మొత్తం పేర్చి, అప్పుడు చెప్పండి.

మూడోది, కలిసి పనిచేయడం. నిజానికి మీ చేతిలో అన్నిటికంటే విలువైనది ఇదే, ఎందుకంటే పల్లి మీదే చేసిన డేటా మీ దగ్గరుంది. పెరిగిన టీఎఫ్‌లు ఏవి, అవి మీ పన్నెండు జీన్ల కంటే ముందు పెరిగాయా, ఒకే కణజాలమా? ఇక్రిశాట్ వాళ్ళు ఐసీజీవీ 91114 రకంలో 20 కణజాలాలకు తీసిన ఎక్స్‌ప్రెషన్ అట్లాస్ 2020లో వచ్చింది. మీ జీన్ వేరులో మాత్రమే ఉండి, మీరు అనుకుంటున్న టీఎఫ్ గింజలో మాత్రమే ఉంటే ఆ జంటను అక్కడే కొట్టేయొచ్చు, ఇలా కొట్టేయడం కూడా ఫలితమే. మిగతా డేటా ఎన్‌సీబీఐ వాళ్ళ జియో, ఎస్‌ఆర్‌ఏ అనే డేటా నిల్వల్లో ఉంటుంది, ముడి డేటాను గెలాక్సీ అనే ఉచిత వెబ్‌సైట్‌లో నడుపుకోవచ్చు, మీ కాలేజీలో సర్వర్ అక్కర్లేదు. అరబిడాప్సిస్ పోలిక కోసం ఏ జీన్ ఎక్కడ పలుకుతుందో చూపే టొరంటో వాళ్ళ ఈఎఫ్‌పీ బ్రౌజర్, కో-ఎక్స్‌ప్రెషన్‌కు (ఏ జీన్లు కలిసి పెరిగి తగ్గుతున్నాయో చూడటానికి) అటెడ్-టూ సరిపోతాయి. మీ ఆరు శాంపిళ్ళ మీద మాత్రం కో-ఎక్స్‌ప్రెషన్ లెక్కలు వేయకండి, అంత తక్కువలో ఏది దేనితోనైనా కలిసినట్టే కనిపిస్తుంది.

బయటి డేటా తీసుకున్నప్పుడు పైన "డ్రౌట్" అని రాసి ఉంటే సరిపోదు, శాంపిల్ వివరాలు చివరిదాకా చదవండి. ఒకరు మొలకలను పెగ్ (నీరు అందకుండా చేసే పాలీఇథిలీన్ గ్లైకాల్) ద్రావణంలో కొన్ని గంటలు ఉంచుతారు, ఇంకొకరు కుండీలో రోజుల తరబడి నీళ్ళు ఆపుతారు. మన చల్క నేలలో యాసంగి పల్లికి రెండు తడుల మధ్య నేల మెల్లగా ఆరుతుంది, వేరు కిందికి పోతుంది, మొక్క సర్దుకుంటుంది, దానికీ పెగ్‌లో ముంచినదానికీ జీన్ల తీరు ఒకటి కాదు. తర్వాత ఆకు తెంపిన వేళ చూడండి. డ్రెబ్1 గుంపు లాంటి జీన్లు ఏ ఎద్దడీ లేకుండానే రోజులో వేళను బట్టి పెరిగి తగ్గుతాయి. కంట్రోల్ పొద్దున తెంపి, ఎండబెట్టిన మొక్కల ఆకు మధ్యాహ్నం తెంపితే మీరు చూసేది గడియారాన్ని, కరువును కాదు. మీ ఆర్‌ఎన్‌ఏ-సీక్ శాంపిళ్ళు ఏ వేళకు తీశారో గైడ్‌ను ఇప్పుడే అడగండి.

ఇంకో ముఖ్యమైన జాగ్రత్త, టీఎఫ్ ఆర్‌ఎన్‌ఏ పెరగలేదు కాబట్టి అది కాదు అని కూడా అనొద్దు. డ్రెబ్2ఏ ప్రొటీన్‌ను మామూలు రోజుల్లో మొక్క ఎప్పటికప్పుడు విరగ్గొడుతూనే ఉంటుంది, ఎద్దడి వచ్చినప్పుడు నిలుస్తుంది. ఏరెబ్1కు అబ్సిసిక్ ఆమ్లం వచ్చాక స్నర్క్2 కైనేజ్‌లు ఫాస్ఫేట్ తగిలిస్తేనే పూర్తిగా పనిచేస్తుంది. ఆర్‌ఎన్‌ఏ-సీక్‌లో ఈ రెండూ కనిపించవు. అందుకే మూడు సాక్ష్యాల్లో రెండు గట్టిగా ఉండి మూడోది లేకపోతే కొట్టేయకుండా, ఇది లేదు, ఎందుకు లేకపోవచ్చు అని రాయండి.

పన్నెండు జీన్లు అనేది కూడా ఇబ్బందే. ఏ మోటిఫ్ అయినా మామూలుగా ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందని చెప్పాలంటే దేనితో పోల్చి అనేది ఉండాలి. గైడ్‌ను అడిగి పెరిగిన జీన్ల పూర్తి జాబితా తెచ్చుకోండి, రెండు మూడు వందలు ఉంటాయేమో, వాటి ప్రమోటర్లను ఒక కుప్ప చేయండి, అదే డేటాలో బాగా పలికినా మార్పు లేని జీన్ల ప్రమోటర్లను అదే పొడవుతో ఇంకో కుప్ప చేయండి, మీమ్ సూట్‌లోని ఏఎంఈ రెండింటినీ పోల్చి చెబుతుంది, అరబిడాప్సిస్ డాప్-సీక్ మోటిఫ్‌లు అక్కడే ఎంచుకోవచ్చు. మార్పు లేని జీన్లతో పోల్చడం ముఖ్యం, జీనోమ్ మొత్తంతో పోలిస్తే ఆకులో పలికే ప్రతి జీన్‌కూ ఉండే లక్షణాలన్నీ కరువు లక్షణాలుగా బయటికొస్తాయి.

మైక్రో ఆర్‌ఎన్‌ఏల గురించి కూడా ఒక మాట అడిగారు. ఇవి జీన్ల పనిని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏలు, పీఎస్‌ఆర్‌ఎన్‌ఏటార్గెట్ అనే సైట్‌లో మీ జీన్ల ట్రాన్స్‌క్రిప్ట్‌లు వేసి చూడండి, గంటలో అయ్యే పని. దొరికితే ఒక పేరా, లేకపోతే ఒక వాక్యం. దానికోసం వారాలు పెట్టొద్దు.

డబ్బు విషయం: అరబిడాప్సిస్ డేటాబేస్ అయిన టెయిర్ 2013 చివర్లో చందా పద్ధతికి మారింది, నెలలో కొన్ని పేజీల వరకే ఉచితం. మీ పనికి ఎన్‌సెంబుల్ ప్లాంట్స్ అనే మొక్కల జీనోమ్ సైట్, ఈఎఫ్‌పీ బ్రౌజర్ చాలు, టెయిర్ కూడా ఏడాది దాటిన డేటాను అందరికీ వదులుతుంది. పైన చెప్పిన మిగతావాటిలో దేనికీ డబ్బు కట్టక్కర్లేదు, ఫైటోజోమ్ లాంటి జీనోమ్ సైట్లలో దించుకోవడానికి ఒక లాగిన్ అడుగుతారు అంతే. ప్రతి డేటాబేస్ పేరు పక్కన వెర్షన్, చూసిన తేదీ రాయండి, టిఫ్‌రన్నర్ అనోటేషన్ కూడా ఏ వెర్షనో రాయాలి.

రాసేటప్పుడు క్రియ దగ్గర జాగ్రత్త. "ఈ జీన్‌ను ఏరెబ్ నియంత్రిస్తుంది" అని రాస్తే వైవాలో ఎవరైనా ఎలా తెలుసు అని అడుగుతారు, మీ దగ్గర జవాబుండదు. "ఈ ప్రమోటర్‌లో దగ్గరదగ్గరగా రెండు ఏబీఆర్‌ఈలు ఉన్నాయి, మార్పు లేని జీన్లతో పోలిస్తే ఈ మోటిఫ్ పెరిగిన జీన్లలో ఎక్కువగా ఉంది, ఏ సబ్‌జీనోమ్‌లోని ఫలానా ఏరెబ్ అదే ఆకులో అదే వేళకు పలుకుతోంది, కాబట్టి ఇది పరీక్షించదగ్గ అభ్యర్థి" అని రాయండి, ఆ వాక్యాన్ని ఎవరూ కదిలించలేరు. ల్యాబ్‌లో వీలుంటే ఆ టీఎఫ్‌కూ దాని కింద ఉన్న రెండు జీన్లకూ నీళ్ళు ఆపిన తర్వాత వేర్వేరు రోజుల్లో, ఒకే వేళకు తీసిన ఆకులతో క్యూఆర్‌టీ-పీసీఆర్ (జీన్ ఎంత పలికిందో కొలిచే పరీక్ష) చేయండి, ఏ, బీ జంటను విడదీసే ప్రైమర్లతో. టీఎఫ్ డీఎన్‌ఏకు అతుక్కుంటుందో లేదో తేల్చే ఈస్ట్ వన్-హైబ్రిడ్, ఎంసా లాంటివి ఈ సెమిస్టర్‌లో కావు, తర్వాతి పని కింద రాయండి.

మీ పన్నెండు ఐడీలు, అవి ఏ జీనోమ్ వెర్షన్‌వి, ఏ రకం పల్లి, ఆకు తెంపిన వేళ, ఈ నాలుగూ ఇక్కడ కింద పెట్టండి. ఏ, బీ జంటలు తేల్చడంలో ఎక్కడైనా ఆగిపోతే ఆ జీన్ పేరు కూడా రాయండి, ఆదివారం కూర్చుని చూస్తాను.